ఉయ్యాలకు జవాబుదారు ఎవరు?

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతపు పాత ఇళ్ళలో నడిమి గది దూలానికి ఒక ఇనుప కొక్కెం వేలాడుతూ కనిపిస్తుంది. ఇంట్లో పురుడు వచ్చినప్పుడల్లా ఆ కొక్కేనికి తల్లిదో అమ్మమ్మదో వాడి వాడి మెత్తబడిన నూలుచీర కట్టి, బారసాలనాడు బిడ్డను అందులో వేసేవారు. చీర ఇంటిది, ముడి ఇంటివారిది, ఊపే చెయ్యి ఇంటివారిది. ఆ ముడి జారి బిడ్డ కింద పడితే ఎవరు ఎవరిని నిలదీస్తారు? కోర్టుకు వెళ్ళే మాటే పుట్టదు.

అదే ఇంట్లో ఇప్పుడు గంటస్తంభం దగ్గరి బజారునుంచో, టెలిఫోను మీద బేరమాడి పార్సిలులోనో ఉయ్యాల వస్తున్నది. దాని గొట్టాలు ఎక్కడో వంచినవి, గుడ్డ ఎక్కడో కుట్టినది, బిడ్డ వీపు ఎంత వాలులో ఉండాలో నిర్ణయించినవాడు ఇంకెక్కడో కూర్చున్నవాడు. ముడి వేసిన చెయ్యి ఇంటిది కాకుండా పోయినప్పుడు, జరిగిన హానికి జవాబు చెప్పవలసినవారు ఎవరనే ప్రశ్న పుట్టినది. ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి న్యాయశాస్త్రానికి నూరేళ్ళకు పైగా పట్టినది. వైద్యశాస్త్రానికి అంతకంటె ఎక్కువే పట్టినది. పసిబిడ్డ నిద్రలో ఎందుకు చనిపోయినదో తెలియనంతవరకు ఏ న్యాయాధిపతీ ఏ వస్తువును దోషి అనలేడు గదా.

నిద్రలో బిడ్డ చనిపోవడం కొత్త సంగతి కాదు. పక్కలో పడుకున్న తల్లి పొరబాటున బిడ్డమీదికి ఒరగడం వల్ల బిడ్డ చనిపోయిన కథ బైబిలులోని సొలొమోను తీర్పులోనే ఉన్నది. కొన్ని వందల ఏళ్ళపాటు ఐరోపాలో ఈ మరణాలన్నింటికీ అదే కారణమని నమ్మారు. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో దాదులు బిడ్డను పక్కలో వేసుకునేటప్పుడు చెక్క కమానులు గల ఒక చట్రాన్ని బిడ్డ చుట్టూ నిలిపేవారు. దాని పేరు ఆర్కూచో. దాది ఒరిగినా కమాను ఆమె బరువును ఆపుతుంది. ఆ చట్రం వాడని దాదిని మతంనుంచి వెలివేసేవారని, దాని వర్ణనతో సహా, 1732లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక లేఖ అచ్చయినది. పసిబిడ్డ నిద్ర భద్రతకై తయారైన తొలి పరికరాలలో ఇది ఒకటి అనవచ్చును. శిక్ష మాత్రం దాదికే.

శిక్ష స్త్రీకే పడడం ఆ తరువాత కూడ సాగినది. స్కాట్లండులోని డండీ నగర పోలీసు వైద్యుడు చార్లెస్ టెంపుల్‌మన్ 1892లో 258 మంది శిశువుల మరణాలను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. శనివారం రాత్రి మరణాలు మిగతా రాత్రులకంటె ఎంతో ఎక్కువని ఆయన లెక్కలలో తేలినది. శనివారం కూలి డబ్బు చేతికందే రోజు. కాబట్టి తల్లిదండ్రుల తాగుడే కారణమని ఆయన నిర్ధారించాడు. 1908లో బ్రిటన్ చేసిన బాలల చట్టం తాగి పడుకొని బిడ్డ ఊపిరాడక చనిపోవడానికి కారకులైన వారిని నేరస్థులుగా ఎంచినది. టెంపుల్‌మన్ లెక్క కట్టడంలో శ్రద్ధాపరుడు. కాని ఒకే గది, ఒకే పడక, చలికి కప్పుకున్న బరువైన దుప్పట్లు అనే పేదరికాన్ని ఆయన చూచీ పక్కకు నెట్టినాడు.

తాగుడు అలవాటు లేని ఇళ్ళలో, వేరే తొట్టిలో పడుకున్న బిడ్డలు కూడ చనిపోతున్నారు గదా, వారి సంగతి ఏమిటి? దీనికి వైద్యులు చెప్పిన జవాబు వింతైనది. 1889లో వియన్నా వైద్యుడు పాల్టౌఫ్ ఈ బిడ్డలలో రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి పెద్దదిగా ఉన్నదన్నాడు. అది పెరిగి శ్వాసనాళాన్ని నొక్కుతున్నదనే అభిప్రాయం అప్పటికే ప్రచారంలో ఉన్నది. 1907 నుండి అమెరికాలో ఆ గ్రంథిని కుదించడానికని ఆరోగ్యంగా ఉన్న బిడ్డల మెడమీద, ఛాతిమీద ఎక్స్‌కిరణాలు ప్రసరింపజేశారు. పొరపాటు ఎక్కడ జరిగినదో విద్యార్థులు గమనించదగినది. శరీర నిర్మాణం నేర్చుకొనడానికి వైద్యులు అప్పటివరకు కోసి చూచినవి చాలవరకు దీర్ఘరోగంతో, ఆకలితో చనిపోయిన పేద పిల్లల శవాలు. దీర్ఘరోగంలో థైమస్ ముడుచుకుపోతుంది. ముడుచుకుపోయిన గ్రంథినే సహజ పరిమాణమని పుస్తకాలలో రాసుకున్నారు గనుక, హఠాత్తుగా చనిపోయిన బిడ్డలోని మామూలు గ్రంథి వారికి పెద్దదిగా తోచినది. కొలబద్ద తప్పు, కొలిచిన వస్తువు కాదు. కిరణాలు తగిలిన పిల్లలలో థైరాయిడ్ కాన్సర్ ఎక్కువగా వస్తున్నదని 1950లో బయటపడినది.

ఈ చీకటిలో ఒక చిన్న దీపం 1944లో వెలిగినది. న్యూయార్కు శిశువైద్యుడు హెరాల్డ్ ఏబ్రమ్‌సన్ నిద్రలో ఊపిరాడక చనిపోయిన శిశువుల రికార్డులు తిరగవేసి, ఎక్కువమంది బోర్లా పడుకున్న స్థితిలో దొరికారని, మెత్తని పరుపులు, దిండ్లు ప్రమాదకరమని హెచ్చరించాడు. మరుసటి ఏడాదే ఊలీ అనే మరొక వైద్యుడు బిడ్డల ముఖాలను దుప్పట్లతో కప్పి పరీక్షించి, వారికి ఊపిరి అందుతూనే ఉన్నదన్నాడు. దీపం మలిగినది. 1950ల చివరినుండి, ఇంటింటా చదివే బెంజమిన్ స్పాక్ శిశుపోషణ గ్రంథంతో సహా, పుస్తకాలు బిడ్డను బోర్లా పడుకోబెట్టమని బోధించినవి. వాంతి చేసుకుంటే గొంతుకు అడ్డుపడదని వారి తర్కం. తర్కం వినసొంపుగా ఉన్నది, పరీక్షించినవారు లేరు.

వెల్లకిలా పడుకోబెట్టండనే ప్రచారం నెదర్లాండ్సులో 1987లో, బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో జరిగినది. కొద్ది ఏళ్ళలోనే ఈ మరణాలు సగానికి పైగా తగ్గినవి. మందు లేదు, శస్త్రచికిత్స లేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టడమే. రూత్ గిల్బర్ట్, ఆమె సహచరులు 2005లో పాత అధ్యయనాలన్నింటిని కూడి లెక్క వేసి, 1970 నాటికి అచ్చయి ఉన్న సాక్ష్యాన్ని అప్పుడే ఎవరైనా ఒకచోట చేర్చి చూచి ఉంటే బ్రిటన్‌లో 10,000 మంది, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాలలో కనీసం 50,000 మంది శిశువులు బతికి ఉండేవారని తేల్చారు.

భంగిమ సంగతి తేలేసరికి పడక సంగతి కూడ బయటికి వచ్చినది. 1980ల చివర అమెరికాలో పాలిస్టైరీన్ పూసలు నింపిన మెత్తని చిన్న పరుపులు శిశువుల కోసం అమ్మేవారు. వాటిమీద బోర్లా పడుకున్న బిడ్డలు చనిపోసాగారు. సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యులు జేమ్స్ కెంప్, బ్రాడ్లీ థాక్ అటువంటి 25 మరణాలను పరిశీలించి 1991లో ఫలితాలు ప్రకటించారు. మనం పీల్చే గాలిలో ఆమ్లజని దాదాపు 21 పాళ్ళు ఉంటుంది. విడిచే గాలిలో అది 16కు తగ్గి, బొగ్గుపులుసు వాయువు 4 పాళ్ళకు చేరుతుంది. పరుపు బిడ్డ ముఖం చుట్టూ గుంటపడి విడిచిన గాలిని అక్కడే పట్టి ఉంచుతుంది. బిడ్డ అదే గాలిని మరల మరల పీలుస్తుంది. పెద్దవాడైతే ఉక్కిరిబిక్కిరై మేలుకొని తల తిప్పుకుంటాడు. నెలల బిడ్డకు ఆ మేలుకొలుపు బలహీనం, మెడ ఇంకా నిలవదు. ముక్కు, నోరు మూసుకుపోనక్కరలేదు. బయటికి గాయం కనిపించదు. శవపరీక్ష చేసిన వైద్యుడు 'కారణం తెలియని మరణం' అని రాయక ఏమి చేస్తాడు? అమెరికా ప్రభుత్వం ఈ పరుపులను 1992లో నిషేధించినది.

ఇక న్యాయశాస్త్రం నడిచిన దారి చూద్దాము. 1842లో ఇంగ్లండులో ఒక తపాలా బండి విరిగిపడి తోలేవాడు కుంటివాడైనాడు. బండిని సరిగా ఉంచుతానని ఒప్పందం చేసినవానిమీద దావా వేస్తే, ఆ ఒప్పందం నీతో కాదు, తపాలా శాఖతో అని కోర్టు కొట్టివేసినది. వింటర్‌బాటమ్ దావా అని పేరుపడిన ఈ తీర్పు ప్రకారం వస్తువును కొన్నవాడికి తప్ప వాడినవాడికి హక్కు లేదు. దీనిని ఉయ్యాలకు అన్వయిస్తే ఫలితం ఊహించవచ్చును. ఉయ్యాల కొన్నది తాతగారు. పడుకున్నది మనవడు. మనవడు ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు.

అమెరికాలో 1916లో న్యాయాధిపతి కార్డోజో మోటారుకారు చక్రం విరిగిన మాక్‌ఫర్సన్ దావాలో ఈ అడ్డుగోడను చాలవరకు పడగొట్టినాడు. బ్రిటన్‌లో 1932లో పడిపోయినది. స్కాట్లండులోని పేజ్లీ పట్టణంలో ఒక స్త్రీకి ఆమె స్నేహితురాలు కొనిపెట్టిన అల్లపు పానీయం సీసాలో చచ్చిన నత్త ఉన్నదన్న డోనహ్యూ దావాలో, వస్తువు చివరకు ఎవరికి చేరుతుందో వారిపట్ల తయారీదారుకు జాగ్రత్త బాధ్యత ఉన్నదని ప్రభువుల సభ తీర్పు చెప్పినది. బ్రిటిష్ న్యాయపద్ధతి వారసత్వంగా వచ్చిన మన కోర్టులు కూడ ఈ సూత్రాన్ని అనుసరించినవి. 1963లో కాలిఫోర్నియా ఇంకొక అడుగు వేసినది. భార్య బహుమతిగా ఇచ్చిన చెక్కపని యంత్రం వల్ల గాయపడిన గ్రీన్‌మన్ దావాలో, తయారీదారు అజాగ్రత్తను నిరూపించనక్కరలేదు, వస్తువులో లోపం, దానివల్ల హాని నిరూపిస్తే చాలునని న్యాయాధిపతి ట్రేనర్ అన్నాడు.

దారి తెరుచుకున్నాక తొట్టెలమీద దావాలు, నిబంధనలు రెండూ వచ్చినవి. అమెరికాలో 1974 నుండి తొట్టె ఊచల మధ్య సందు 2 3/8 అంగుళాలు, అనగా 6 సెంటీమీటర్లు మించరాదు. అంతకు ముందు వెడల్పు సందులలోంచి బిడ్డ శరీరం జారి తల చిక్కుకునేది. పక్క తలుపు కిందికి జారే తొట్టెలలో చీలలు ఊడి సందు ఏర్పడడం వల్ల 2000 తరువాత కనీసం 32 మంది చనిపోయారని తేలి, 2011 జూన్‌లో ఆ నమూనా అమ్మకమే ఆపివేశారు.

నిబంధన ఉన్నంత మాత్రాన పని జరుగుతుందా? షికాగోలో 1998 మేలో డ్యానీ కీసర్ అనే బిడ్డ పిల్లలను చూచుకునే ఒక ఇంటిలో, మడిచే తొట్టెలో పడుకొని ఉండగా, పైకమ్మి విరిగి ఇంగ్లీషు 'వి' అక్షరంలా కూలి మెడను నొక్కివేసినది. ఆ తొట్టెను ప్రమాదకరమని కంపెనీ 1993లోనే వెనక్కు పిలిచినది. అయిదేళ్ళయినా ఆ వార్త ఆ ఇంటికి చేరలేదు. తల్లిదండ్రులు వేసిన దావా 2001లో 30 లక్షల డాలర్లకు రాజీ అయినది. వారు అంతటితో ఊరుకోక ఒక సంస్థ స్థాపించి పోరాడగా, 2008లో అమెరికా చేసిన చట్టంలోని ఒక భాగానికి ఆ బిడ్డ పేరే పెట్టారు. దాని ప్రకారం తొట్టె, ఉయ్యాల వంటి ప్రతి వస్తువుతో తపాలా ఖర్చు ముందే చెల్లించిన ఒక కార్డు ఇవ్వాలి. కొన్నవారు చిరునామా రాసి పంపితే, లోపం బయటపడినప్పుడు కంపెనీ నేరుగా వారికి తెలియజేస్తుంది.

ఇన్ని పాఠాలు నేర్చిన తరువాత కూడ పెద్ద విషాదం జరిగినది. 2009లో ఫిషర్-ప్రైస్ కంపెనీ 'రాక్ ఎన్ ప్లే' అనే వాలు ఉయ్యాలను రాత్రంతా పడుకోవడానికి అనువైనదిగా అమ్మసాగినది. దాని వాలు దాదాపు 30 డిగ్రీలు. బిడ్డను చదునైన గట్టి పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టాలని శిశువైద్యులు చెబుతున్న కాలమది. తయారీకి ముందు కంపెనీ సలహా అడిగినది ఒక్క వైద్యుణ్ణి, ఆయన శిశువైద్య నిపుణుడు కాడు. 2011లో కెనడా ప్రభుత్వం దానిని పడకగా అమ్మరాదన్నది. అమెరికాలో మాత్రం వాలు పడకలకు మామూలు తొట్టెల నిబంధన వర్తించకుండా వేరే ప్రమాణం ఏర్పాటు చేయించుకొని అమ్మకం సాగించారు.

30 డిగ్రీల వాలులో ప్రమాదం ఎక్కడున్నది? త్రికోణమితి తెలిసిన విద్యార్థి కొంత తానే చెప్పగలడు. వాలు తలంమీద వస్తువును కిందికి లాగే బలం దాని బరువును వాలు కోణపు సైను విలువతో గుణించినంత. సైన్ 30 విలువ సగం, సైన్ 10 విలువ సుమారు 0.17. ఆరు కిలోల బిడ్డను 10 డిగ్రీల వాలు ఒక కిలో బరువుతో లాగితే, 30 డిగ్రీల వాలు మూడు కిలోల బరువుతో లాగుతుంది. మొండెం జారి కుంగుతుంది. శరీరంతో పోలిస్తే తల పెద్దది, మెడ మెత్తనిది గనుక గడ్డం రొమ్మును తాకుతుంది. సన్నని శ్వాసనాళం మడత పడుతుంది. 2019లో అమెరికా ప్రభుత్వ భద్రతా సంఘం కోరగా ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో ఎరిన్ మానెన్ బృందం బిడ్డల కండరాల కదలికలను కొలిచి మరొక సంగతి కనిపెట్టినది. వాలులో నడుము వంగి ఉన్నందున బిడ్డ సులభంగా బోర్లా తిరిగిపోతుంది. తిరిగిన తరువాత ముఖం ఎత్తి ఉంచడానికి పొట్ట కండరాలు మామూలుకంటె ఎక్కువ శ్రమ పడవలసి వస్తుంది, అవి అలసిపోతాయి. 10 డిగ్రీలు దాటిన వాలు నిద్రకు తగదని ఆ నివేదిక సారాంశం.

మరణాలు ఒక్కొక్కటిగా, ఒక్కొక్క ఊరిలో జరిగినవి. ప్రతి ఇంటిలోను అది తమ దురదృష్టమే అనుకున్నారు. భద్రతా సంఘం దగ్గర లెక్క పోగవుతున్నా, కంపెనీ పేరుతో సమాచారం బయటపెట్టడానికి 1981 నాటి చట్ట సవరణ అడ్డు. 2019లో ఆ సంఘం ఉద్యోగులు కంపెనీ పేర్లు చెరపడం మరచి 'కన్స్యూమర్ రిపోర్ట్స్' పత్రికకు దస్త్రాలు పంపారు. ఏప్రిల్ 5న 10 మరణాలని చెప్పిన సంగతి, పత్రిక లెక్కలో ఏప్రిల్ 8కి 32 అయినది. ఏప్రిల్ 12న 47 లక్షల ఉయ్యాలలను వెనక్కు పిలిచారు. ఒక గుమాస్తా పొరపాటు నిజాన్ని బయటపెట్టవలసి రావడం ఆ చట్టానికి గౌరవం కాదు. 2023 జనవరిలో మరల ప్రకటించేనాటికి మరణాల సంఖ్య దాదాపు 100కు చేరినది. వాటిలో కనీసం 8 వెనక్కు పిలిచిన తరువాత జరిగినవే. అక్కనుంచి చెల్లెలికి, పొరుగింటినుంచి పొరుగింటికి ఉయ్యాల చేతులు మారడం అక్కడా ఉన్నది.

బిడ్డలను పోగొట్టుకున్నవారు విడివిడిగా దావాలు వేశారు. వస్తువు కొని మోసపోయామన్నవారి దావాలను న్యూయార్కు రాష్ట్రంలోని బఫెలో ఫెడరల్ కోర్టులో ఒకచోట చేర్చగా, అవి 2024లో సుమారు కోటి 90 లక్షల డాలర్ల రాజీతో ముగిసినవి. అది ఉయ్యాల ధరకు సంబంధించిన డబ్బు, బిడ్డలకు సంబంధించినది కాదు. 10 డిగ్రీలకు మించిన వాలు పడకలను, తొట్టె చుట్టూ కట్టే మెత్తని దిండు అంచులను నిషేధిస్తూ 2022 మేలో అమెరికా చట్టం చేసినది.

మన ఇంటి చీర ఉయ్యాల పూర్తిగా నిర్దోషి అని దీనినుంచి అనుకోరాదు. అందులో కూడ వీపు వంగుతుంది, గుడ్డ ముఖానికి దగ్గరవుతుంది. కాస్త ఎదిగిన పిల్లలకు చీర మెడకు చుట్టుకొని ప్రాణాపాయం కలిగిన ఉదంతాలు మన దేశపు వైద్య పత్రికలలో ఉన్నవి. నిద్రపుచ్చేవరకు ఊపి, ఆ తరువాత చదునైన పక్కమీదికి మార్చడానికి ఖర్చేమీ లేదు.

కొన్న ఉయ్యాల విషయంలో మన చట్టం ఏమంటున్నది? 1986 వినియోగదారుల రక్షణ చట్టం జిల్లాకొక వేదిక ఏర్పరచినది. 2019లో వచ్చిన కొత్త చట్టం 2020 జూలై 20 నుండి అమలైనది. అందులోని ఆరవ అధ్యాయం మొదటిసారిగా వస్తు బాధ్యత అనే మాటను ప్రత్యేకంగా నిర్వచించినది. తయారీలో లోపం, రూపకల్పనలో లోపం, సరియైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం, వీటిలో ఏది నిరూపితమైనా తయారీదారు బాధ్యుడు. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవాడు బాధ్యుడు. కొన్నవారి అనుమతితో వస్తువును వాడేవారు కూడ వినియోగదారులే గనుక, 1842లో బండి తోలేవానికి దొరకని స్థానం ఉయ్యాలలోని బిడ్డకు దొరికినది. బిడ్డ తరఫున తల్లిదండ్రులు ఫిర్యాదు చేయవచ్చును. వస్తువును తప్పుగా వాడినా, మార్చి వాడినా మాత్రం తయారీదారు తప్పించుకోగలడు. కావున ఉయ్యాలకు ఇంట్లో అదనపు తాడో దిండో కట్టి ఉంటే వాదం అక్కడే చిక్కుబడుతుంది.

ఉయ్యాల ఢిల్లీలో తయారైనా, ఫిర్యాదుదారు విజయనగరంలో నివసిస్తున్నట్లయితే విజయనగరం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చును. జిల్లా కమిషన్ పరిధి అడిగిన పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి, 50 లక్షల వరకు. ధర 5 లక్షలలోపు అయితే రుసుము లేదు. గడువు రెండేళ్ళు. అన్నిటికంటె ముఖ్యం ఉయ్యాలను పారవేయకుండా ఉన్నదున్నట్లు దాచడం, దానితో వచ్చిన పెట్టె, సూచనల కాగితం, బిల్లు దాచడం. దుఃఖంలో ఉన్న ఇల్లు మొదట చేసేది ఆ వస్తువును కంటికి కనబడకుండా తీసివేయడమే. సాక్ష్యం దానితోపాటే పోతుంది. లోపం పరీక్ష లేకుండా తేలదని తోస్తే కమిషన్ ఆ వస్తువుకు సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది. ప్రయోగశాల 45 రోజులలో నివేదిక ఇవ్వాలి. ఊచల సందు, గుడ్డ సాగుదల, చీలల పట్టు, వీపు తలపు వాలు అక్కడ కొలుస్తారు. చివరిదానిని కొలవడానికి హైస్కూలు పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమాపకం సరిపోతుంది.